మగ్గం మీద ఆగిన చీర, ఓడ మీద మిగిలిన ఇళ్ళు: ఒక కేస్ స్టడీ

నేను అనంతపురంలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. తండ్రిని పోగొట్టుకున్న ఒక ఇరవై ఏళ్ళ అబ్బాయితో చేసిన పని గురించి ఇక్కడ రాస్తున్నాను. అందులో ఒక వీడియో గేమ్‌కి పెద్ద పాత్ర ఉంది. అబ్బాయి, వాళ్ళమ్మ ఇద్దరూ ఇది చదివి ఒప్పుకున్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

గేమ్ పేరు స్పిరిట్‌ఫేరర్. కెనడాలోని మాంట్రియల్‌కి చెందిన థండర్ లోటస్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2020 ఆగస్టులో విడుదల చేసింది. చనిపోయినవాళ్ళను ఓడ ఎక్కించుకుని, వాళ్ళకు ఇల్లు కట్టి, వండిపెట్టి, సిద్ధపడినప్పుడు సాగనంపడం ఇందులో మనం చేసే పని. దీన్ని మందు బిళ్ళలా ఎవరికైనా ఇవ్వొచ్చని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒళ్ళొంచి పని చేసుకుని బతికే ఇళ్ళలో ప్రేమా వీడ్కోలూ అప్పగింతలూ అన్నీ పని మాటల్లోనే జరుగుతాయి. మా కౌన్సెలింగ్ గదుల్లో ‘నీకేమనిపిస్తోంది’ అని అడిగితే అవి బయటికి రావు. ఈ కేసులో నేను చూసింది అదే.

వచ్చినప్పటి పరిస్థితి

ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుటుంబం. ఈ కేసు మొదలైనప్పుడు ధర్మవరం ఇంకా అనంతపురం జిల్లాలోనే ఉంది, 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. అబ్బాయి అనంతపురంలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. తండ్రి 2021 మే నెలలో, కోవిడ్ రెండో వేవ్‌లో, ఆసుపత్రిలో చనిపోయాడు. తొమ్మిది నెలల తర్వాత తల్లి నా దగ్గరికి తీసుకొచ్చింది.

"రాత్రంతా గేములే మేడం. పొద్దున లేయడు, కాలేజీకి పోడు. వాళ్ళ నాయన మాటెత్తితే లేసి బయటికి పోతాడు. మగ్గం గది తలుపు తీయనీడు" అని ఆమె చెప్పింది. అబ్బాయి తల దించుకుని విన్నాడు. ఒక్క మాటకు కూడా ఎదురు చెప్పలేదు.

పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో డిప్రెషన్ లక్షణాలు మధ్యస్థ స్థాయిలో కనిపించాయి. చావాలన్న ఆలోచనల గురించి సూటిగానే అడిగాను. అలాంటి పథకం ఏదీ లేదు, కానీ "ఉండి ఏం చేయల్లా" అన్న మాట రెండు మూడు సార్లు వచ్చింది. అందుకే మొదటి వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించాం. ఆయన మందులు ఇప్పుడే వద్దు, నిద్ర సరిచేయండి, నెలకోసారి నాకు చూపించండి అన్నారు.

ఇది మామూలు దుఃఖమా, చికిత్స కావలసిన దీర్ఘకాల శోకమా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ జాబితా ఐసీడీ-11 అప్పటికి కొత్తగా, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కనీసం ఆరు నెలలు దాటి, వాళ్ళ సంస్కృతిలో మామూలుగా అనుకునేదానికన్నా ఎక్కువగా, రోజువారీ జీవితాన్ని దెబ్బతీసే స్థాయిలో శోకం ఉంటే ఆ రోగ నిర్ధారణ ఇవ్వొచ్చు. అదే ఏడాది మార్చిలో వచ్చిన అమెరికన్ మానసిక రోగ నిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం-5-టీఆర్ పెద్దవాళ్ళకు పన్నెండు నెలలు ఆగమంటుంది. ఒక లెక్కలో ఈ అబ్బాయికి రోగం ఉన్నట్టు, ఇంకో లెక్కలో ఇంకా లేనట్టు. నేను ఫైల్లో పేరు రాయడానికి తొందరపడలేదు. వాళ్ళకు కావలసింది పేరు కాదు. తలుపు మూసిన ఆ గది సంగతి ముందు చూడాలి.

ఆ ఇంట్లో జరగనివి

తండ్రికి స్నానం చేయించలేదు. పాడె మోయలేదు. ముఖం చూడలేదు. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, సిబ్బంది జాగ్రత్తలు తీసుకుని బ్యాగ్ జిప్ తీసి బంధువులకు ముఖం చూపించొచ్చనే ఉంది. ముట్టుకోకుండా చేసే మతపరమైన క్రియలకూ అనుమతి ఉంది. స్నానం చేయించడం, కౌగిలించుకోవడం మాత్రం వద్దన్నారు. కానీ ఆ మే నెల రద్దీలో, భయంలో, చాలా కుటుంబాలకు అది దక్కలేదు. వీళ్ళకూ దక్కలేదు. దూరం నుంచి మూట చూపించి తీసుకెళ్ళారు. పెద్దకర్మకు దగ్గరి బంధువులు కూడా పూర్తిగా రాలేదు.

మన కర్మకాండల్లో ఏడుపుకన్నా పనే ఎక్కువ. నీళ్ళు తేవాలి, కట్టెలు చూడాలి, వండాలి, కాకికి పెట్టాలి, వచ్చినవాళ్ళకు విస్తళ్ళు వేయాలి. ఎవరి చేతికో ఒక పని ఉంటుంది. ఆ పది పదకొండు రోజులూ చేతులు పని చేస్తుంటే మనసు వెనకాల నెమ్మదిగా విషయాన్ని అందుకుంటుంది. ఈ అబ్బాయి చేతులకు పనే దొరకలేదు.

ఇంట్లో ఇంకో సంగతి ఉంది. గుంత మగ్గం మీద సగానికి పైగా నేసిన చీర అలాగే ఉండిపోయింది. పట్టు, జరీ షావుకారివి. తండ్రి కూలికి నేసేవాడు, కొంత అడ్వాన్స్ కూడా తీసుకుని ఉన్నాడు. కరోనాతో పెళ్ళిళ్ళు తగ్గి చీరలు కదలక షావుకారు మొదట్లో ఏమీ అనలేదు. 2021 నవంబరు వానలకు గుంతలో చెమ్మ ఊరింది. అప్పటి నుంచి మనిషిని పంపడం మొదలుపెట్టాడు. ఆయన్ని తప్పు పట్టలేం, అది ఆయన సొమ్ము. తల్లి చీర కోసి ఇచ్చేద్దామంటే కొడుకు ఒప్పుకోడు. ఎవరినైనా పిలిచి నేయిద్దామన్నా ఒప్పుకోడు. తానూ ముట్టుకోడు.

మొదటి కొన్ని వారాలు మాటలతో ముందుకు వెళ్ళలేకపోయాం. ‘నాన్న గురించి చెప్పు’ అంటే "మంచోడు మేడం" అంటాడు. ఉత్తరం రాయమంటే ఖాళీ కాగితం తెస్తాడు. ఎదుటి ఖాళీ కుర్చీలో తండ్రిని ఊహించుకుని మాట్లాడమనే పద్ధతి ఈ అబ్బాయికి నాటకంలా అనిపించింది. ఆ మాట మర్యాదగానే చెప్పాడు.

గేమే ఎందుకు, అందులో ఇదే ఎందుకు

ఆ అబ్బాయి నాతో అరగంటకు మించి మాట్లాడిన ఏకైక విషయం గేములు. హాస్టల్లో కొన్న పాత లాప్‌టాప్, దానికి పెట్టుకున్న కంట్రోలర్, ఏ గేమ్‌లో ఏ మిషన్ కష్టం. శోకం గురించి పరిశోధన చేసిన మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షూట్ 1999లో ఒక నమూనా చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపులకూ ఊగుతుంటాడు. ఒకవైపు పోయినవాళ్ళను తలుచుకోవడం, ఇంకోవైపు బతుకు పనుల్లో పడటం. ఆ ఊగడమే ఆరోగ్యం. ఈ అబ్బాయి ఏ వైపూ ఊగడం లేదు. రాత్రంతా ఆడే షూటింగ్ గేములు అటు తండ్రి దగ్గరికీ తీసుకెళ్ళవు, ఇటు కాలేజీకీ తీసుకెళ్ళవు. గేమ్‌ను లాక్కోవడం కన్నా, వేరే రకం గేమ్ ఇచ్చి చూద్దామనిపించింది.

చావు మీద మంచి ఇండీ గేములు, అంటే చిన్న బృందాలు సొంతంగా చేసేవి, చాలానే ఉన్నాయి. వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్ 2017లో వచ్చింది. జెయింట్ స్పారో అనే సంస్థ చేసింది, మరుసటి ఏడాది బ్రిటన్ వాళ్ళ బాఫ్టా ఉత్తమ గేమ్ అవార్డు తీసుకుంది. కళగా చూస్తే నాకు దానిమీద చాలా గౌరవం. అయితే అందులోని కుటుంబం పోయినవాళ్ళ గదులకు తలుపులు మూసేసి, ఉన్నవాళ్ళ కోసం ఇంటి మీద కొత్త గదులు కట్టుకుంటూ పోతుంది. ధర్మవరంలో మా సమస్యే అది. పైగా చేపల ఫ్యాక్టరీలో పనిచేసే లూయిస్ కథలో ఆత్మహత్య ఉంది. ఒక చేత్తో చేప తలలు కోస్తూ, ఇంకో చేత్తో ఊహాలోకంలో నడిపించే ఆ భాగం ఎంత గొప్పగా ఉంటుందో, ‘ఉండి ఏం చేయల్లా’ అంటున్న కుర్రాడికి అంత ప్రమాదం. 2016 జనవరిలో వచ్చిన ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’ అనే గేమ్‌ను ఒక తల్లిదండ్రులు తమ పసికొడుకు జోయెల్ గురించి చేశారు. ఐదేళ్ళకే, 2014లో, ఆ బాబు పోయాడు. అందులో చాలా భాగం ఆసుపత్రిలోనే నడుస్తుంది. ఈ అబ్బాయికి ఆసుపత్రి గేటు గుర్తొస్తేనే చెమటలు పట్టేవి. ఆ రెండూ పక్కన పెట్టాను.

స్పిరిట్‌ఫేరర్‌లో ఆసుపత్రి మంచం కనిపించదు. స్టెల్లా అనే అమ్మాయి, డాఫోడిల్ అనే పిల్లి. గ్రీకు పురాణాల్లో చనిపోయినవాళ్ళను నది దాటించే కేరన్ తన పడవ పనిని స్టెల్లాకు అప్పగించి వెళ్ళిపోతాడు. ఆమె ఒక్కో దీవిలో ఒక్కో ఆత్మను ఓడ ఎక్కించుకుంటుంది. వాళ్ళు జంతువుల రూపంలోకి మారతారు. ప్రతి ఒక్కరికీ ఇష్టమైన వంట వేరు, నచ్చనిది వేరు. వరసగా అదే వంట పెడితే మొహం ముడుచుకుంటారు. చాలామంది కౌగిలింత అడుగుతారు, కొందరికి అది గిట్టదు. ఒక్కొక్కరికి ఓడ మీద ఒక ఇల్లు కట్టాలి. కట్టెలు కోయాలి, నూలు వడకాలి, చేపలు పట్టాలి, తోట పెంచాలి. ఇక వెళ్తాను అని వాళ్ళు అన్నప్పుడు ఎవర్‌డోర్ అనే రాతి వంతెన కిందికి చిన్న పడవలో తీసుకెళ్ళాలి. ఎప్పుడు తీసుకెళ్ళాలో మన ఇష్టం, ఆలస్యం చేసినా గేమ్ శిక్షించదు. వెళ్ళిపోయినవాళ్ళ ఇల్లు ఓడ మీదే ఉండిపోతుంది. దాన్ని వేరే చోటికి జరపొచ్చు, తీసేయడానికి వీల్లేదు. లోపల ఒక పువ్వు పూసి ఉంటుంది.

ఆ ఇళ్ళ నిబంధన గురించి చదివినప్పుడే ఈ గేమ్ ఎంచుకున్నాను. తయారుచేసినవాళ్ళు కొన్ని పాత్రలను తమ సొంత మనుషుల నుంచే తీసుకున్నారు, ఆ తడి అడుగడుగునా తెలుస్తుంది. చివరికి స్టెల్లా ఎవరో కూడా బయటపడుతుంది. చావుకు దగ్గరైన రోగులకు సేవ చేసిన నర్సు ఆమె. ఓడ ఎక్కినవాళ్ళు ఆమెకు తెలిసినవాళ్ళే.

తల్లికి ఇది అస్సలు నచ్చలేదు. "ఆటలు మాన్పించమని తీసుకొస్తే మళ్ళా ఆటే ఇస్తారా మేడం?" అంది. ఆమె అడిగినదాంట్లో న్యాయముంది. కొన్ని షరతులు పెట్టుకున్నాం. రాత్రి పది తర్వాత లాప్‌టాప్ మూసేయాలి. ఎవర్‌డోర్‌కి ఎవరినైనా తీసుకెళ్ళే ముందు ఆపి, సెషన్‌కి వచ్చి చెప్పాలి. శని ఆదివారాలు ధర్మవరం వెళ్ళి, అక్కడ అమ్మ ఎదుటే ఆడాలి. మొదలుపెట్టకముందే అబ్బాయికి ఇంకో మాట కూడా చెప్పాను. ఇందులో అన్ని వీడ్కోళ్ళూ నువ్వనుకున్నట్టు జరగవు, ఎక్కడైనా ఆపేయాలనిపిస్తే ఆపేయ్ అని.

ఓడ మీద మగ్గం

మొదట ఎక్కే ఆత్మ గ్వెన్ అనే లేడి. స్టెల్లాకు పాత స్నేహితురాలు. ఆమె నేర్పే మొదటి పనుల్లో నేత ఒకటి. ఓడ మీద మగ్గం పెట్టాలి, బటన్ నొక్కి పట్టి సరైన క్షణంలో వదిలితే దారం, బట్ట వస్తాయి. ఇది నాకు ముందే తెలుసు. సెషన్‌లో దాన్ని ఎలా తీసుకుంటాడో చూద్దామనుకున్నాను.

అబ్బాయి నవ్వాడు. చాలా వారాల తర్వాత అది మొదటిసారి. "మగ్గం అట్లుండదు మేడం" అని మొదలుపెట్టి ఆపకుండా మాట్లాడాడు. గుంతలో కాళ్ళు ఎట్లా పెట్టాలి, అడ్డదారం మోసే నాడె విసిరేటప్పుడు మణికట్టు ఎట్లా తిప్పాలి, డిజైను వేసే జాకార్డు అట్టలు తిరిగే చప్పుడు ఇల్లంతా ఎట్లా వినిపిస్తుంది, చిన్నప్పుడు బడి నుంచి వచ్చి దారం కండెలు చుడితే నాయన ఎంత ఇచ్చేవాడు. గేమ్‌లో తప్పుందని దిద్దే వంకతో తండ్రి గది లోపలికి మాటల్లో అడుగుపెట్టాడు. నేను తండ్రి పేరు ఎత్తలేదు. నాడె బరువెంత, అది ఏ కర్రతో చేస్తారు అనే అడిగాను.

ఆ తర్వాత వంటలు. ఎవరికేం ఇష్టమో నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాడు. గ్వెన్‌కి ఇది, ఫలానావాళ్ళకి అది. ఒక వారం ఆ పట్టిక కింద తండ్రివి కూడా రాసి ఉన్నాయి. ఉగ్గాని బజ్జి, సంగటిలోకి చెనక్కాయల ఊరిబిండి, పండగకు ఓళిగలు, కాఫీలో చక్కెర తక్కువ. నేనేమీ అనలేదు. ఇంట్లో అమ్మకు చూపించావా అని మాత్రం అడిగాను.

భాష దగ్గర ఇబ్బంది వచ్చింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. గేమ్‌లో తెలుగు లేదు, ఇంగ్లీషు మాటలు చాలా పొడుగ్గా, కవిత్వంగా ఉంటాయి. కష్టమైన చోట్ల స్క్రీన్‌షాట్ తీసుకొచ్చేవాడు, ఇద్దరం కలిసి చదివేవాళ్ళం. సెషన్ సమయంలో సగం దానికే పోయేది. దాని గురించి నాకు విచారం లేదు. చనిపోతున్నవాళ్ళ మాటలను నెమ్మదిగా, వాక్యం వెంట వాక్యం, ఇంకో మనిషితో కలిసి చదవడం అతనికి ఆసుపత్రి గేటు దగ్గర దొరకని అవకాశం.

రెండో కంట్రోలర్‌తో ఇంకొకరు పిల్లిగా ఆడొచ్చు. ఒక ఆదివారం తల్లి ఆడింది. బటన్లు ఆమెకు తెలియలేదు, పిల్లి ఎటో దూకేది, ఇద్దరూ నవ్వుకున్నారట. రెండు మూడు వారాల తర్వాత మానేసింది. "పోయినోళ్ళను మళ్ళీ మళ్ళీ సాగనంపేది నాతో కాదు మేడం, ఒకసారి చాలు" అంది. ఆమె దుఃఖం వేరే రకం. దానికి ఈ గేమ్ సరిపోదు. తనకు సరిపోదని ఆమెకు నాకన్నా ముందే తెలిసింది.

చెప్పకుండా వెళ్ళిన మనిషి

అతుల్ అని ఒక కప్ప రూపం. స్టెల్లాకు అంకుల్ వరస. భోజనప్రియుడు, చేతిపని తెలిసినవాడు, ఎప్పుడూ సరదాగా ఉంటాడు. చాలామందిని ఎవర్‌డోర్‌కి మనమే తీసుకెళ్ళాలి. ఇతన్ని తీసుకెళ్ళే అవకాశం రాదు. తన కోరికలు తీరాక ఒకరోజు పొద్దున చూస్తే ఓడ మీద ఉండడు. ఇంట్లో పువ్వొకటే ఉంటుంది.

అబ్బాయి ఆ శనివారం కోపంగా వచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"ఇదేం గేమ్ మేడం? ఆయప్ప అడిగినవన్నీ చేసి పెట్టినా. పొద్దున లేసి చూస్తే లేడు. ఓడంతా వెతికినా. చెప్పి పోవాల కదా?"

"చివరగా నీతో ఏం మాట్లాడాడు?"

"ఏముంది, తిండి గురించే. ఎప్పుడూ తిండి గురించే మాట్లాడతాడు."

ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కూడా ఆగాను. అప్పుడు అంతవరకూ ఎవరికీ, తల్లికి కూడా చెప్పని విషయం చెప్పాడు. చనిపోయే ముందు రోజు తండ్రి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడాడు. "వార్పు మీద గుడ్డ కప్పప్పా, దుమ్ము పడతాది. ఎడమ పక్క అంచులో రెండు పోగులు తెగినాయి, చూసుకోకుండా లాగొద్దండి" అన్నాడు. వార్పు అంటే మగ్గం మీద నిలువునా సాగదీసి కట్టిన పడుగు దారాలు. కొడుక్కి చిరాకు వేసింది. "ఇప్పుడు మగ్గం గొడవెందుకు నాయనా, ముందు నువ్వు రా" అని పెట్టేశాడు. అంతే. గుడ్డ కూడా కప్పలేదు.

"బాగున్నావా అని అడగలేదు, అమ్మను చూసుకో అని చెప్పలేదు. మగ్గం గురించి చెప్పినాడు. నేను పెట్టేసినా."

అన్ని నెలలుగా ఆ తలుపు ఎందుకు మూసి ఉందో అప్పుడు తెలిసింది. గదిలో ఉన్నది చీర మాత్రమే అయితే ఎవరో ఒకరు కోసి ఇచ్చేసేవాళ్ళు. చేయకుండా వదిలేసిన పని, వినకుండా పెట్టేసిన ఫోన్ ఆ గదిలో ఉన్నాయి.

‘నీ తప్పేం లేదు’ అని ఓదార్చడం ఇక్కడ తేలిక. అప్పటికి చాలామంది అతనికి అదే చెప్పి ఉన్నారు, అతను నమ్మలేదు. నేను వేరే పని చేశాను. తండ్రి మాటలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాయమన్నాను. ఉత్తరం రాయమంటే ఖాళీ కాగితం తెచ్చినవాడు, ఇది రాయగలిగాడు, ఎందుకంటే ఇవి ఊహించాల్సిన మాటలు కావు. తర్వాత ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగి అడిగాను. గుడ్డ కప్పమని మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికి చెప్పేవాడు? తెగిన పోగుల సంగతి ఎవరికి చెబుతారు?

ఆలోచించి చెప్పాడు. గుడ్డ కప్పమని అమ్మకి చెప్పేవాడు. తెగిన పోగు సంగతి మాత్రం మగ్గం మీద తర్వాత కూర్చోబోయేవాళ్ళకి చెబుతారు. ఇంకెవరికీ చెప్పాల్సిన అవసరం లేదు.

"నాయన ఎప్పుడూ అట్లే మేడం. నేను టెన్త్ పాసైతే బాగా చదివినావు అనలేదు. కొత్తగా చేయించిన నాడె తెచ్చి నా చేతిలో పెట్టి చూడమన్నాడు."

ఈ కేసులో మలుపు ఇదే అనుకుంటాను. వీడ్కోలు జరగలేదని అతను అనుకుంటున్నాడు. జరిగింది. ఆ తండ్రికి వచ్చిన భాషలో, ఉన్న ఊపిరితో, అప్పగించాల్సింది అప్పగించాడు. అతుల్ తిండి గురించి మాట్లాడి వెళ్ళిపోయిన తీరు చూసి కోపం రాకపోతే ఆ ఫోన్ కాల్ బయటికి వచ్చేది కాదు. నేను ఎన్ని ప్రశ్నలడిగినా రాలేదు కూడా.

చీర సంగతి

తర్వాతి పనులు ఇంట్లో జరిగాయి, వాటిలో నా పాత్ర తక్కువ. తండ్రి స్నేహితుడొకాయన, అబ్బాయి మామ అని పిలుస్తాడు, వచ్చి మగ్గం చూశాడు. చెమ్మకు కొన్ని చోట్ల పట్టు రంగు తగ్గింది, పోగులు వదులయ్యాయి. ఎడమ అంచులో తెగినవి నిజంగా రెండే. తండ్రి చెప్పింది చెప్పినట్టే ఉందని తెలిసి తల్లి చాలాసేపు ఏడ్చిందట, అబ్బాయి మాత్రం పోగుల చివర్లు పట్టుకుని అక్కడే నిలబడ్డాడట. ఆయనే నేసి చీర పూర్తి చేశాడు. తల్లి, కొడుకు కండెలు చుట్టారు.

చీర ఉంచుకుందామని అబ్బాయి అడిగాడు. ఉంచుకోవడానికి అది వాళ్ళది కాదు, కొనుక్కునే స్థోమతా లేదు. షావుకారికి ఇచ్చేశారు. మచ్చ పడిన చోటుకి ఆయన కూలిలో కోత పెట్టాడు, బాకీలో కొంత వదిలేశాడు. ఆ చీర ఏ ఊళ్ళో ఎవరి పెళ్ళికి వెళ్ళిందో తెలియదు. ఈ విషయం మీద మేం చాలా మాట్లాడుకున్నాం. నేతగాడి జీవితమంతా చేసిన పని ఒక్కటీ అతని ఇంట్లో మిగలదు. అయితే చీర కోసినప్పుడు మగ్గం మీద పాత పడుగు కొసలు ఉంటాయి, కొత్త పడుగు దారాలను వాటికి ఒక్కొక్కటిగా అతుకుతారు. మామ ఆ కొసలకే కొత్త వార్పు అతికించి, వాళ్ళింట్లోనే, నెలకింత అని ఇచ్చి నేసుకుంటానన్నాడు. తల్లి సరేనంది. కొడుకు రెండు వారాలు ఆలోచించి సరేనన్నాడు.

అదే రోజుల్లో గేమ్‌లో ఓడ మీద చోటు చాలక అతుల్ ఇంటిని పైకి జరిపి, కింద తోటకు జాగా చేశానని చెప్పాడు. ఇది దానికి ప్రతిబింబమని నేను అనలేదు. అతనికే తట్టింది. "మగ్గం మామకిస్తే నాయనను తీసేసినట్టు కాదు కదా మేడం?" అన్నాడు. అతను నేతగాడు కాడు, కావాలనీ లేదు. తండ్రే చదువుకోమని హాస్టల్‌కి పంపాడు. వారసత్వం అంటే ఆ పనే చేయడం అని అతని మెదడులో ఎక్కడో ఉండిపోయింది, అది చేయలేకపోవడం ద్రోహంలా అనిపిస్తోంది. 1990ల దాకా మా శాస్త్రంలో కూడా, పోయినవాళ్ళతో బంధం తెంచుకుంటేనే శోకం తీరుతుందని గట్టిగా చెప్పేవాళ్ళు. 1996లో డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మాన్, స్టీవెన్ నిక్‌మాన్ ఆ అభిప్రాయాన్ని సవాలు చేసి, బంధం రూపం మార్చుకుని కొనసాగుతుందన్నారు. తద్దినాలు పెట్టే మనకు ఇది కొత్త కాదు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి తద్దినం పెద్దవాళ్ళ తంతులా కనిపించింది. జరపొచ్చు గానీ తీసేయలేని ఇల్లు మాత్రం వెంటనే అర్థమైంది.

గ్వెన్‌ను అతను చాలా కాలం ఎవర్‌డోర్‌కి తీసుకెళ్ళలేదు. ఆమె అడిగాక కూడా ఓడ మీదే ఉంచుకుని వండిపెడుతూ వచ్చాడు. నేను తొందర పెట్టలేదు. మన ఇళ్ళలో శవం ఎక్కువసేపు ఉంచొద్దని పెద్దలు తొందర పెడతారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. కానీ ఈ అబ్బాయికి అసలు ఉంచుకునే సమయమే దొరకలేదు. గేమ్ అది ఇచ్చింది. చీర ఇచ్చేసిన తర్వాతి వారం తానే వచ్చి "ఈ ఆదివారం గ్వెన్‌ను పంపిస్తా మేడం" అన్నాడు. పంపాడు. ఏడ్చాడు. తర్వాత తిన్నాడు, నిద్రపోయాడు.

ఫలితం, హద్దులు

సెమిస్టర్ చివరికి కాలేజీకి వెళ్ళడం మొదలైంది, బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. పీహెచ్‌క్యూ-9లో లక్షణాలు తేలిక స్థాయికి దిగాయి. మే నెలలో సంవత్సరీకం ముందు నిద్ర మళ్ళీ చెడింది, పది రోజులు బాగా టెన్షన్ పడ్డాడు. అది ఊహించిందే. ఆ రోజు వంటలతో పాటు నోట్‌బుక్‌లో రాసుకున్న ఉగ్గాని బజ్జి తానే చేసి విస్తట్లో పెట్టాడు. గేమ్ పూర్తి చేయలేదు. స్టెల్లా సంగతి తెలిసే దాకా ఆడి వదిలేశాడు. పూర్తి చేయమని నేనూ అడగలేదు.

ఇదంతా గేమ్ వల్లే జరిగిందని చెప్పలేను. కాలం గడిచింది, మామ వచ్చాడు, తల్లి ఓపిక పట్టింది, ప్రతి వారం ఒక మనిషి ఎదురుగా కూర్చుని విన్నది. గేమ్ చేసిన పని నాకు తెలిసినంతలో రెండే. చేతులకు సేవ చేసే పని ఇచ్చింది. చెప్పకుండా వెళ్ళిపోవడాన్ని, ఆపి మాట్లాడుకోగలిగే చోట జరిపి చూపించింది.

తోటి కౌన్సెలర్లు ఎవరైనా వాడాలనుకుంటే ముందు మీరు మొత్తం ఆడండి. ముప్పై గంటల దాకా పట్టొచ్చు, అయినా సరే. స్టాన్లీ అని ఎనిమిదేళ్ళ పిల్లవాడి పాత్ర ఉంది, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు నేను ఈ గేమ్ ఇవ్వను. ఆలిస్ అనే పెద్దావిడకు జ్ఞాపకం పోతూ ఉంటుంది, ఇంట్లో మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళను చూసుకుంటున్నవారికి ముందే చెప్పాలి. చావాలనే ఆలోచనలు బలంగా ఉంటే ఇది కాదు దారి, ముందు సైకియాట్రిస్టు, రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. మరణం మరీ తాజాగా ఉన్నప్పుడు కూడా వద్దు, అప్పుడు చుట్టూ మనుషులుంటే చాలు. ఇంగ్లీషు రానివాళ్ళతో ఎవరైనా పక్కన కూర్చుని చెప్పాలి.

తల్లి ఆ తర్వాత కొన్ని నెలలు విడిగా నా దగ్గరికి వచ్చింది. ఆమెతో చేసిన పనిలో గేమ్ లేదు, మగ్గం కూడా పెద్దగా లేదు. భర్త పేరు మీదున్న బాకీలు, ఆడబిడ్డతో తగాదా, ఒంటరిగా పడుకోలేకపోవడం, ఇవే ఎక్కువ.